కొరమీను పేరుతో ఏ చేప తింటున్నాం? ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా అమ్మ కైకలూరు దగ్గర ఊళ్లో ముప్పై ఏళ్లు చేపలమ్మింది. నెత్తిన గంప పెట్టుకుని వీధి వీధీ తిరిగి నన్ను చదివించింది. ఇప్పుడు ఉప్పల్‌లో నా దగ్గరే ఉంటోంది. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. పోయినేడాది నాన్నకి ఆపరేషన్ అయింది. కొరమీను తింటే గాయం తొందరగా మానుతుందని మన పెద్దవాళ్లు అంటారు కదా. మార్కెట్‌కి వెళ్లే తీరిక లేక ఒకరోజు ఓ రెస్టారెంట్ నుంచి కొరమీను బోన్‌లెస్ కూర తెప్పించాను. అమ్మ ఒక ముక్కని వేళ్లతో విడదీసి చూసి, "ఇది కొరమీను కాదే, పంగస్" అంది. పంగస్ అంటే చెరువుల్లో పెంచే చౌక రకం చేప. రెస్టారెంట్‌కి ఫోన్ చేశాను. "కొరమీనేనమ్మా. కాదని మీరెలా చెప్తారు?" అన్నారు.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అమ్మ వేళ్ల సాక్ష్యం ఏ కోర్టులోనూ నిలవదు, నా పట్టా కూడా నిలవదు. ఆ ముక్క నిజంగా ఏ చేపదో ఈ రోజుకీ నేను గట్టిగా చెప్పలేను. దాన్ని తేల్చే పరీక్ష మాత్రం ఈ నగరంలోనే ఉంది. అది మామూలు మనిషి కంచం దాకా రావాలని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

రాంనగర్ మార్కెట్‌కి వెళ్తే కొరమీను పేరుతో మోసం చేయడం కష్టం. కొరమీనుని బతికుండగానే, నీళ్లలో ఎగురుతుండగానే కొంటారు. కళ్ల ముందే కోయించుకుంటారు. తోలు, తల, పొలుసు పోయి తెల్లటి ముక్కగా మారాకే చిక్కు మొదలవుతుంది. ఆ ముక్కకి కార్న్‌ఫ్లోర్ పట్టించి, నూనెలో వేయించి, పెరుగు, కరివేపాకు, పచ్చిమిర్చితో తిప్పి అపోలో ఫిష్ చేశాక మా అమ్మలాంటి వాళ్లు కూడా తడబడతారు. కొరమీను కన్నా చాలా తక్కువ ధరకే పంగస్ దొరుకుతుంది. అంత తేడా ఉన్నప్పుడు ఆశ పుట్టకుండా ఉండదు. చెరువుల్లో పెంచే రూప్‌చంద్‌ని సముద్రపు చందువా అని అమ్మడం కూడా చూస్తూనే ఉన్నాం. నోరు తెరిచి పళ్లు చూస్తే అది చందువా కాదని తెలిసిపోతుంది, కానీ ప్లేట్‌లోకి పళ్లు రావు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పంగస్ చెడ్డ చేప కాదు. మా కైకలూరు చుట్టుపక్కల ఎంతో మంది రైతులు దాన్ని కష్టపడి పెంచుతున్నారు. దాన్ని దాని పేరుతో, దాని ధరకి అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కొరమీను పేరు తగిలించి అమ్మినప్పుడే తినేవాళ్లూ నష్టపోతారు, నిజంగా కొరమీను పెంచే రైతూ నష్టపోతాడు. కొరమీను మన రాష్ట్ర చేప అని మనమే ప్రకటించుకున్నాం. ఆ పేరుని కాపాడాల్సింది కూడా మనమే.

పరీక్ష గురించి కొంచెం చెబుతాను. జంతువుల కణాల్లో మైటోకాండ్రియా అనే శక్తినిచ్చే భాగాలు ఉంటాయి. వాటి డీఎన్‌ఏలో ఒక జన్యువులోని సుమారు 650 అక్షరాల (అంటే డీఎన్‌ఏలోని బేస్‌ల) భాగాన్ని చదివితే ఆ జంతువు ఏ జాతిదో దాదాపు ఎప్పుడూ తేలిపోతుంది. దీన్నే డీఎన్‌ఏ బార్‌కోడింగ్ అంటారు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం 2003లో ఈ పద్ధతిని ప్రతిపాదించింది. ఒక్కో కణంలో మైటోకాండ్రియా డీఎన్‌ఏ కాపీలు చాలా ఉంటాయి కాబట్టి వేయించిన ముక్కలో కూడా కొంత మిగులుతుంది. చింతపండు పులుపులో ఎక్కువసేపు మరిగితే డీఎన్‌ఏ ముక్కలు ముక్కలవుతుంది. అప్పుడు వంద, రెండొందల అక్షరాల చిన్న భాగాన్ని చదివి తేల్చే పద్ధతులు ఉన్నాయి.

ఇందులో హైదరాబాద్ ఎవరికన్నా వెనకబడి లేదు. ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారు, ఆయన సహచరులు అనేక జంతు జాతుల్ని గుర్తించే ప్రైమర్లని (చదవాల్సిన భాగాన్ని పట్టిచ్చే చిన్న డీఎన్‌ఏ తునకల్ని) తయారుచేసి అదే 2003లో ప్రచురించారు. అత్తాపూర్‌లో అంతరించిపోతున్న జీవుల కోసం సీసీఎంబీ నడిపే లాకోన్స్ ప్రయోగశాలలో వేటగాళ్ల దగ్గర దొరికిన మాంసం ఏ జంతువుదో తేల్చి కేసులకి ఆధారం ఇస్తున్నారు. చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థలో కూడా డీఎన్‌ఏతో మాంసం ఏ జంతువుదో చెబుతారు. రాజేంద్రనగర్‌లో జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు ఉంది. నాచారంలో మీ శాఖ ఆహార ప్రయోగశాల ఉంది. ఇవన్నీ ఒకే నగరంలో ఉన్నాయి సార్. వీటిని కలిపే ఒక్క ఆదేశం రావాలి.

మిగతా చోట్ల ఈ పరీక్ష ఏం బయటపెట్టిందో కూడా చూడండి. సముద్రాల పరిరక్షణకి పనిచేసే ఓషియానా అనే సంస్థ 2013లో అమెరికాలో 1,215 చేప నమూనాల డీఎన్‌ఏ ఫలితాలు బయటపెట్టింది. మూడింట ఒక వంతుకి పేరు తప్పు. 2007లో షికాగోలో మాంక్‌ఫిష్ అని కొన్న చేప తిని ఇద్దరు అస్వస్థులయ్యారు. అది విషపూరితమైన పఫర్ చేప అని పరీక్షలో తేలింది. ఐరోపా సమాఖ్య 2013లో తెచ్చిన నిబంధన ప్రకారం దుకాణంలో అమ్మే చేపకి శాస్త్రీయ నామం కూడా రాయాలి. మన రొయ్యలు ఆ దేశాలకి వెళ్లాలంటే ఎన్ని పరీక్షలు దాటాలో ఆక్వా రైతులందరికీ తెలుసు. ఇక్కడ మనం తినే చేపకి కనీసం పేరు సరిచూసే పరీక్ష కూడా లేకపోవడం నాకు బాధగా ఉంది.

కొత్త చట్టం అక్కర్లేదు. ఒక ఆహారాన్ని ఇంకో ఆహారం పేరుతో అమ్మితే 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం అది మిస్‌బ్రాండింగ్. 52వ సెక్షన్ కింద 3 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. నమూనాని పరీక్షించే ఫుడ్ అనలిస్ట్ నివేదిక ఇవ్వడానికి చట్టం 14 రోజులు ఇస్తోంది. డీఎన్‌ఏ పరీక్షకి ఆ సమయం సరిపోతుంది. 2024 నుంచి మీ టాస్క్‌ఫోర్స్ హోటళ్ల వంటగదుల్లో చేస్తున్న తనిఖీలని జనం మెచ్చుకుంటున్నారు. ఎక్స్‌పైరీ తేదీ చూసినట్టే, ఫ్రీజర్‌లోని బోన్‌లెస్ చేప ముక్కని కూడా ఒకటి తీసి ల్యాబ్‌కి పంపించండి. మెనూలో "ఫిష్" అని వదిలేయకుండా పంగస్ అయితే పంగస్ అని, కొరమీను అయితే కొరమీను అని తెలుగులో రాయించండి. ఫలితాలని జనానికి కనిపించేలా పెట్టండి.

ఈ భారం రోడ్డు పక్కన చేపలమ్మే ఆడవాళ్ల మీద మాత్రం పడకూడదు. వాళ్లు అమ్మేది నిండు చేప, కళ్లకి కనిపించే చేప. ఫ్రీజర్లున్న పెద్ద హోటళ్లు, ప్యాకెట్ కంపెనీలు, వాటికి ముక్కలు సరఫరా చేసే టోకు వ్యాపారులతో మొదలుపెట్టండి.

ఈ పరీక్షకి హద్దులూ ఉన్నాయి. పుస్తెలమ్మి అయినా తినాలనే పులసనే తీసుకోండి. ఒడిశా సముద్రంలో పట్టిన ఇలసని గోదావరి పులస అని అమ్మితే ఈ బార్‌కోడ్ పట్టుకోలేదు, రెండూ ఒకే జాతి కాబట్టి. దానికి వేరే దారి వెతకాలి. కొరమీనుకీ పంగస్‌కీ ఆ ఇబ్బంది లేదు. అవి ఒకదానికొకటి దగ్గరి చుట్టాలు కూడా కావు.

మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో చేపల కోసం జనం తెల్లవారుజామునే క్యూ కడతారు. వచ్చే కార్తెకి ముందే మొదటి విడత నమూనాలు తీయించి, ఫలితాలు ఆ వారంలోపు జనం ముందు పెట్టించండి.

ఇట్లు,
చేపలమ్మిన తల్లి కూతురు,
ఉప్పల్, హైదరాబాద్