బేరం కుదిరాక మళ్ళీ బేరమా?

సంపాదకులకు నమస్కారం.

పాత కార్ల సరదా ఉన్న కుర్రాళ్ళు ఈమధ్య మన విశాఖలో బాగానే కనిపిస్తున్నారు. ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డు మీద తళతళలాడుతూ ఓ అంబాసిడరో పద్మినీనో పోతుంటే నాకూ ముచ్చటగానే ఉంటుంది. మా ఆయన రైల్వే స్టేషను దగ్గర అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. ఆయన పోయాక, కంచరపాలెంలో మా పెరటి షెడ్డులో మిగిలిన సామాన్లు ఒక్కొక్కటిగా అమ్ముతున్నాను. కొనడానికి వచ్చేవాళ్ళ తీరు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

బేరం ఆడొద్దని నేననను. పూర్ణా మార్కెట్‌లో కూరగాయలకి బేరమాడి పెరిగినదాన్ని. నేను కాస్త ఎక్కువే చెబుతాను, మీరు కాస్త తక్కువే అడుగుతారు, మధ్యలో ఎక్కడో తెగుతుంది. నాకు ఒళ్ళు మండేదల్లా తెగిన తర్వాత మొదలయ్యే రెండో బేరానికి.

మొన్నామధ్య అనకాపల్లి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. అంబాసిడర్‌లో పాత మోడల్ మార్క్ 2 ముందు గ్రిల్లు కావాలట, అదే, చిన్న చిన్న గళ్ళు ఉండేది. ఫోటోలు పంపాను. ఎడమ చివర నొక్కుకుపోయి వెల్డింగ్ అతుకు ఉందని చెప్పి, ఆ చోటుని దగ్గర నుంచి ఇంకో ఫోటో తీసి పెట్టాను. 4,500 చెప్పాను, 3,800కి కుదిరింది. ఇంటికొచ్చాడు, కాఫీ ఇచ్చాను, తాగాడు. గ్రిల్లు రెండు చేతులా ఎత్తి ఎండలో అటూ ఇటూ తిప్పి, అతుకు మీద గోటితో గీకి, "అతుకేసింది కదమ్మా, రెండు వేలు చేసుకోండి. తుక్కు కొట్లో వేస్తే మీకేమొస్తుంది?" అన్నాడు. అయితే తుక్కు కొట్లోనే వేసుకుంటాను లెండి అని తీసుకెళ్ళి లోపల పెట్టేశాను. గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చి 3,800 లెక్కపెట్టి చూపించాడు. ఇవ్వలేదు. డబ్బు అక్కర్లేక కాదు.

కిలోల్లో తూస్తే ఏదైనా ఇనుమే, నిజమే. కానీ కలకత్తా దగ్గరి ఉత్తరపాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. 1975లో మార్క్ 3 రావడంతోనే ఆ గళ్ళ గ్రిల్లు మారిపోయింది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారు సంగతైతే 1971తోనే సరి. అలాంటి బండికి గ్రిల్లో బంపరో కావాలంటే ఎవరి బండి నుంచో ఊడదీసింది వెతుక్కోవాలి. పైగా మనది ఉప్పుగాలి ఊరు. క్రోమ్ పొక్కకుండా ఉన్న బంపరు ఇక్కడ ఎంత అరుదో బండి ఉన్నవాళ్ళకి తెలుసు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్ళు దాటిన కారుని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించాలంటే ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలోనే ఉండాలట. ఇది నాకు చెప్పింది కొనడానికొచ్చిన ఓ కుర్రాడే. "అందుకే ఒరిజినలే కావాలి ఆంటీ" అన్నాడు. సామాను ఒరిజినల్ కావాలి, రేటు మాత్రం తుక్కుది కావాలి!

అలాగని అమ్మేవాళ్ళందరూ సత్యహరిశ్చంద్రులేం కాదు. అంబాసిడర్లు లక్షల్లో తిరిగాయి కాబట్టి బ్రేకు సామాన్లు, ఇంజను సామాన్లు కొత్తవే ఇంకా దొరుకుతున్నాయి. అలాంటివాటిక్కూడా పాతకాలం నాటివని చెప్పి రెట్టింపు లాగేవాళ్ళున్నారు. "మీరే చెప్పండి సార్" అని ఎదుటివాడి నోట రేటు పలికించి, అక్కణ్ణుంచి పైకెక్కేవాళ్ళు ఇంకో రకం. సామాను మీదైనప్పుడు మొదటి మాటా మీదే అవ్వాలి. లోపం రేటు కంటే ముందు చెప్పాలి. డోరుకి పుట్టీ పెట్టి రంగు కొట్టి ఏమీ తెలియనట్టు నిలబడితే దాగదు. అయస్కాంతం ముక్క జేబులో వేసుకొచ్చేవాళ్ళు బోలెడుమంది. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, మందంగా పుట్టీ ఉన్నచోట జారిపోతుంది.

పరీక్ష చేసుకుంటామంటే నేనెప్పుడూ కాదనను. ఆటోనగర్‌లో పనిచేసిన ఓ పెద్ద మెకానిక్కు ఎస్.యు. కార్బురేటర్ (ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి పంపేది) కోసం వచ్చారు. పైన డ్యాంపర్ మూత విప్పి పక్కన పెట్టి, పిస్టన్‌ని వేలితో పైకెత్తి వదిలారు. టక్కున పడింది. ఇంకోసారి ఎత్తి వదిలి, తల పక్కకి వంచి ఆ చప్పుడే విన్నారు. తర్వాత థ్రాటిల్ స్పిండిల్, అంటే లోపలి గాలి తలుపుని తిప్పే ఇరుసు, పట్టుకుని అటూ ఇటూ ఊపితే కాస్త ఆడింది. "పిస్టన్ బాగుందమ్మా. స్పిండిల్ అరిగింది, అక్కడ గాలి లాగేస్తది, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ వదిలేస్తే, ఇంజను నిలబడదు. బుష్షులు వేయించుకోవాల, ఆ ఖర్చు తగ్గించండి" అన్నారు. ఎంతవుద్దని అడిగి, ఆ ఖర్చంతా తగ్గించాను. వస్తువుని తిట్టలేదు, జాలి మాటలు చెప్పలేదు, చూపించి అడిగారు. డబ్బిచ్చాక "ఆ గాస్కెట్టూ రెండు నట్లూ కొసరు వేయండమ్మా" అంటే సంతోషంగా వేశాను. కొసరడగడం మనకి ఉన్న పద్ధతే. కుదిరిన రేటు కొయ్యడం కంటే వెయ్యి రెట్లు నయం, పైగా ఆ చిన్న క్లిప్పులూ స్క్రూలే బయట దొరకవు.

గంపగుత్తగా తీసుకుంటానంటే ఎవరికైనా తగ్గిస్తాను. చక్రాలకి పెట్టే నాలుగు హబ్ క్యాపుల్లో సొట్టలేనివి రెండు ఏరుకుని, వాటికి గుత్త రేటు కట్టమంటేనే కుదరదు. ఒకరు నాతో మాట్లాడుతుండగా పక్కనుంచి "నేనింకో ఐదొందలిస్తా" అని దూరేవాళ్ళకి ఎంతకీ ఇవ్వను. అడ్వాన్సు తీసుకున్న సామాను చెప్పిన రోజు దాకా ఇంకొకరికి చూపించను కూడా. ఇక రాత్రి పదకొండింటికి, నమస్కారం లేదు పాడు లేదు, "లాస్ట్ ఎంత?" అని మెసేజ్ పెట్టేవాళ్ళకి జవాబివ్వడం మానేశాను.

ఈ గొడవంతా ఎందుకు, రేట్లు రాసి చీటీలు కట్టేయమ్మా అంటుంది మా అమ్మాయి. నేను ఒప్పుకోలేదు. చీటీ కడితే ఎవరూ బేరమాడరు, ఆ మెకానిక్కులాంటివాళ్ళు కూడా డబ్బు చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. అది నాకిష్టం లేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కంచరపాలెం, విశాఖపట్నం