డిసెంబరు 20కి రా బావా

జయపురం (ఒడిశా),
ఆదివారం సాయంత్రం

ఒరే బావా,

ఫోన్‌లో చెప్తే "సరేలే, చూద్దాం" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. భోజనం అయ్యాక తీరిగ్గా చదువు.

ముందు అసలు సంగతి. ఈ డిసెంబరు 20కి 'మల్లీశ్వరి' విడుదలై 75 ఏళ్లు నిండుతాయి. 1951లో వచ్చింది. ఈసారి ఆ తేదీ ఆదివారమే పడింది కాబట్టి సెలవు దొరకలేదని అనడానికి వీల్లేదు. నువ్వు విశాఖ నుంచి రావాలి, అంతే.

ఇప్పుడు అందరూ సినిమాలకు పుట్టినరోజులు చేస్తున్నారు కదా. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' 1990 మే 9న వచ్చింది, సరిగ్గా 35 ఏళ్లకి 2025లో అదే తేదీన మళ్లీ హాళ్లలో వేశారు. నాకు చాలా నచ్చింది. మా మేనల్లుడైతే టామ్ అండ్ జెర్రీ పుట్టినరోజు కూడా చెప్తాడు. 1940 ఫిబ్రవరి 10 అట. మొదటి బొమ్మలో పిల్లి పేరు టామ్ కాదు, జాస్పర్ అని కూడా చెప్పాడు. వాడికి ఆ పిల్లి ఎంతో, మనకి మల్లీశ్వరి అంత.

ఎందుకంత అంటే నీకు తెలుసు. మనిద్దరం చదివింది ఒడియా బడిలో. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లమే గానీ అక్షరం ముక్క వచ్చేది కాదు. అమ్మ సాలూరు నుంచి కాపురానికి వస్తూ ట్రంకుపెట్టెలో తెచ్చుకున్న మల్లీశ్వరి పాటల పుస్తకం మీదే కదా మనకి అక్షరాభ్యాసం జరిగింది! పసుపు పచ్చగా మారిన కాగితం, మధ్యలో రెండు పిన్నులు, వాటి చుట్టూ తుప్పు మరక. 'ఆకాశవీధిలో హాయిగా ఎగిరేవు' పాట దగ్గర "అందాల ఓ మేఘమాల" అని వస్తుంది. ఒడియాలో 'ఠ' అచ్చం మన సున్నాలాగే ఉంటుంది కాబట్టి నువ్వు దాన్ని "అఠదాల" అని చదివావు. అమ్మ నవ్వలేదు. ఆ సున్నా మీద నీ వేలు పెట్టించి, పాట పాడుతూ ఆ చోటికి రాగానే ఆగింది. నువ్వు "అం" అన్నావు. ఆ తర్వాత మనిద్దరిలో ఎవరం ఆ అక్షరం తప్పు చదవలేదు. రాణివాసంలో ఉన్న పిల్ల మేఘాన్ని పట్టుకుని మా బావ ఎక్కడున్నాడో చూసి రమ్మని అడిగే పాట అది. కృష్ణశాస్త్రి గారు సినిమాకి పాటలు రాయడం మల్లీశ్వరితోనే మొదలుపెట్టారు. మనం తెలుగు చదవడం మొదలుపెట్టిందీ దానితోనే. ఇంతకంటే ఏం కావాలి?

నా మనసులో ఇంకో బాధ ఉంది. ఆ పాటలకి బాణీలు కట్టిన సాలూరి రాజేశ్వరరావు గారిది సాలూరు పక్కనే ఉన్న శివరామపురం. మనం కొరాపుట్, పొట్టంగి దాటి సుంకి ఘాటీ దిగితే వచ్చేది ఆ ఊళ్లే. ఆయన పుట్టింది 1922 అక్టోబరు 11న. ఘంటసాల గారిది అదే ఏడాది డిసెంబరు 4. శతజయంతి ఏడాదిలో మన ఊళ్లో ఒక సంఘం వాళ్లు ఘంటసాల గారికి దండలు వేసి పాటలు పాడించారు. చాలా బాగా చేశారు, నేనూ ముందు వరసలో కూర్చున్నాను. కానీ అంతకు రెండు నెలల ముందు, అక్టోబరులో, ఎవరూ ఏమీ చేయలేదు. అడిగితే "ఆయన పాడలేదు కదండీ" అన్నారు. పాడకపోవడమేమిటి! చిన్నప్పుడే గ్రామఫోను రికార్డులు ఇచ్చిన మనిషి. ఆయన లలితగీతాలు విని మన తాతల కాలం వాళ్లు పరవశించిపోయారు. అది వాళ్లకి తెలియకపోవడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

'మాయాబజార్' సంగతే చూడు. సంగీతం అనగానే ఘంటసాల అంటారు, నిజమే. కానీ 'లాహిరి లాహిరి', 'చూపులు కలసిన శుభవేళ' లాంటి నాలుగు పాటలకి బాణీలు రాజేశ్వరరావు గారు కట్టి తప్పుకున్నారు. వాటికి వాద్యాలు కూర్చి, మిగతా పాటలన్నీ చేసింది ఘంటసాల గారు. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరి చేతులూ పడిన పాట లాహిరి. 1957 మార్చి 27న వచ్చిందది, వచ్చే మార్చికి 70 ఏళ్లు. దాని గురించి వేరే ఉత్తరం రాస్తాను, ఇప్పుడు మొదలుపెడితే తెల్లారిపోతుంది.

మన పక్కింటి ఒడియా మాస్టారు గుర్తున్నారా? ఆయనకి తెలుగు రాదు. అయినా నేను 'మనసున మల్లెల' పెట్టినప్పుడల్లా గోడ అవతల కుర్చీ లాగిన చప్పుడు వినిపిస్తుంది. పాట అయ్యేదాకా ఆయన లోపలికి వెళ్లరు. భానుమతి గారు అంత మెల్లగా, పక్కవాళ్లని నిద్ర లేపకూడదన్నట్టు పాడుతుంటే ఎవరు మాత్రం లేస్తారు? ఆయన్ని కూడా పిలిచాను, భార్యాభర్తలిద్దరూ వస్తామన్నారు.

కాబట్టి ఇదీ ఏర్పాటు. నువ్వు శనివారమే సాలూరు వచ్చెయ్. నేను ఘాటీ దిగి బస్టాండులో ఉంటాను. ఇద్దరం శివరామపురం వెళ్లి కాసేపు తిరుగుదాం, ఎవరైనా పెద్దవాళ్లు కనిపిస్తే మాట్లాడదాం. సాయంత్రం బస్సుకి ఇద్దరం కలిసి జయపురం వచ్చేద్దాం. ఆదివారం రాత్రి సినిమా మొత్తం, మధ్యలో ఆపకుండా. అమ్మ ఇప్పుడు ఎక్కువసేపు కూర్చోలేదు, మంచం హాల్లోకి జరుపుతాను. "వాడొస్తున్నాడా?" అని ఇప్పటికి నాలుగుసార్లు అడిగింది.

పుస్తకం మర్చిపోకు. నువ్వు ఊరు వదిలి వెళ్లేటప్పుడు పిన్నులు ఊడదీసి చెరి సగం పంచుకున్నాం కదా. ముందు అట్టా, మొదటి పేజీలూ నీ దగ్గర ఉన్నాయి. మేఘమాల పేజీ నా దగ్గర భద్రంగా ఉంది. అమ్మ సూదీ దారం తీసి పెట్టింది.

చలి ఎక్కువగా ఉంటుంది, స్వెట్టరు తెచ్చుకో. చెల్లాయినీ పిల్లల్నీ కూడా తీసుకురా.

నీ
బావ