మాస్కు అలవాటు చేసిన టెక్నీషియన్ గారికి కృతజ్ఞతలు

మా నాన్నగారికి, నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపే సీపాప్ (CPAP) యంత్రం వాడకం నేర్పిన, పేరు తెలియని ఆ టెక్నీషియన్ గారికి మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

స్లీప్ ఆప్నియా అనే నిద్ర సంబంధిత జబ్బులో గొంతు కండరాలు సడలి, శ్వాసమార్గం మూసుకుపోయి, ఊపిరి ఒక్కోసారి 10 సెకన్లకు మించి ఆగిపోతుందని, యంత్రం పంపే గాలి ఒత్తిడి ఆ మార్గాన్ని తెరిచి ఉంచుతుందే తప్ప జబ్బును శాశ్వతంగా నయం చేయదని, అందుకే పగటి కునుకుకైనా మాస్కు ధరించాలని మీరు ఎంతో ఓపికగా వివరించారు. ముక్కు ఎండిపోతుంటే యంత్రం పంపే గాలిలో తేమ పెంచుకోవాలని, గాలి బయటికి పోతుంటే పట్టీలు బిగించే ముందు మాస్కు సైజు సరిచూసుకోవాలని, మెలకువగా ఉన్నప్పుడే కాసేపు పెట్టుకుని అలవాటు పడాలని చెప్పారు. చాలామంది ఈ యంత్రాన్ని తొలినాళ్లలోనే పక్కన పెట్టేయడానికి, నా దృష్టిలో, ఇలా చెప్పేవారు లేకపోవడమే పెద్ద కారణం. నాన్నగారు ఇప్పుడు ప్రతి రాత్రీ మాస్కుతోనే నిద్రపోతున్నారు. పగటి మగత బాగా తగ్గింది.