సెక్షన్ 19 గురించి బిడ్డకు

హన్మకొండ

బిడ్డా,

అత్తమామల పేరున ఉన్న ఇంట్ల కోడలికి హక్కు లేదని, కరీంనగర్‌ల మీ సీనియర్ నీ పిటిషన్‌లోంచి ఆమెను ఆ ఇంట్ల ఉండనియ్యాలన్న ప్రేయర్ (కోర్టును అడిగే కోరిక) కొట్టేసిండని ఫోన్‌లో చెప్పినవు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. ఆ పని నేనూ చేసిన.

గృహహింస చట్టం అమలుకు వచ్చింది 2006 అక్టోబర్ 26న. 2008లో పరకాల దిక్కు నుంచి ఒకామె వచ్చింది. ఇద్దరు పిల్లలతోని కట్టుబట్టలతో వెళ్లగొట్టిండ్రు. అలవాటు కొద్దీ సీఆర్పీసీ సెక్షన్ 125 కింద మెయింటెనెన్స్ (భరణం) కేసు రాయించిన. "పైసలు తర్వాత సారూ, నా ఇంట్లకు నేను పోవుడెట్ల?" అన్నది. "దానికి కోర్టు ఏం చెయ్యలేదమ్మా" అన్న. ఆమెను ఇంట్ల ఉండనియ్యాలని కోర్టు ఉత్తర్వు ఇయ్యొచ్చనే గృహహింస చట్టం సెక్షన్ 19 ఉన్న పుస్తకం నా బీరువాలనే ఉండె. ఆమె నా మాట నమ్మి తల్లిగారింటికి పోయింది.

మా అదాలత్‌ల డీవీసీలు, అంటే గృహహింస కేసులు, పెరిగింది చట్టం చదివి కాదు బిడ్డా. ఒక లేడీ అడ్వకేట్ నివాస ఉత్తర్వు తెచ్చింది. వారం తిరగకముందే ఆ పిటిషన్ జిరాక్సులు బార్ రూమంత తిరిగినయ్. టైపిస్టు దాన్నే మోడల్‌గా పెట్టుకున్నడు, పేర్లు మార్చి అందరం వేసినం. దాంట్ల సెక్షన్ 23 కింద, కేసు తేలేలోపే ఇచ్చే మధ్యంతర ఉత్తర్వు అడుగలేదు, మేమూ అడుగలే. 60 రోజుల్ల తేల్చే ప్రయత్నం చెయ్యాలని చట్టంల ఉన్నా, వాయిదాల మీదనే ఏండ్లు గడిచినయ్.

మీ సీనియర్ అన్నది ఒకప్పుడు నిజమే. 2006 డిసెంబర్‌ల బాత్రా కేసుల సుప్రీంకోర్టు, అత్త పేరున ఉన్న ఇంట్ల కోడలికి నివాస హక్కు లేదన్నది. 14 ఏండ్లు ఆ ఒక్క తీర్పు చూపించి ఎంతమందిని తిప్పి పంపినమో! 2020 అక్టోబర్ 15న సతీష్ చందర్ ఆహుజా కేసుల ముగ్గురు జడ్జీలు అది సరైన చట్టం కాదన్నరు. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా, ఆమె ఆ ఇంట్ల కాపురం చేసి ఉంటే అడగొచ్చు. కాకపోతే తీర్పు చివరిదాకా చదువు. ముసలి అత్తమామల నెమ్మది కూడా కోర్టు చూడాలన్నరు. అందుకే ఆమె ఏ గదిల ఉన్నది, ఎన్నేండ్లు ఉన్నది, వంట ఎక్కడ చేసుకున్నది అన్నీ రాయి. వేరే ఇల్లో, కిరాయో ఇప్పించాలని కూడా అడుగు, అదీ సెక్షన్ 19లనే ఉన్నది.

మీ సీనియర్‌తోని వాదన పెట్టుకోకు. తీర్పు కాపీల ఆ పేరాలకు గీతలు కొట్టి ఆయన బల్ల మీద పెట్టు.

పరకాల ఆమె ఫైలు వెతికి తీసిన. ఆదివారం వచ్చినప్పుడు చూడు. ఆమె చెప్పుకున్నది పెన్సిల్‌తోని రాసుకున్న కాగితం ఒకటి, నేను వేసిన పిటిషన్ ఒకటి, రెండూ ఉన్నయ్ దాంట్ల.

మీ బాపు