మీ పాపకు ఏ వీడియోలు చూపించాలని అడిగావు కదా

ప్రియమిత్రమా,

జంతువుల వీడియోలు నిరభ్యంతరంగా చూపించు. అయితే పాపను ఒంటరిగా చూడనివ్వక, పక్కన కూర్చుని, ‘ఇది తీసేటప్పుడు కెమెరా ఎక్కడ పెట్టి ఉంటారు?’ అని మధ్యమధ్యలో అడుగు. ఆ ప్రశ్న అలవాటైన తరువాత మా అబ్బాయి, బొరియలోని ఎలుక పిల్లల మీద అంత వెలుతురు ఎలా పడిందని నన్నే నిలదీస్తున్నాడు. దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసిన దృశ్యాలకు అడుగుల చప్పుడు తరచుగా స్టూడియోలో కలుపుతారంటే మాత్రం నమ్మలేదు. కార్న్‌ఫ్లోర్ పొట్లం పిసికి మంచులో నడిచే శబ్దం వినిపించాక నమ్మాడు. వంటింట్లో పిండి అయిపోయిందనుకో, అది వేరే సంగతి.

కొంచెం పెద్దయ్యాక లెమ్మింగుల కథ చెప్పు. ఎలుక జాతికి చెందిన ఆ చిన్న ప్రాణులు గుంపుగా కొండ అంచు నుంచి దూకి చనిపోతాయని 1958 నాటి డిస్నీ డాక్యుమెంటరీ ఒకటి చూపించింది, దానికి ఆస్కార్ కూడా వచ్చింది. తీరా చూస్తే వాటిని వేరే చోటి నుంచి తెప్పించి, నీటిలోకి తోసి చిత్రీకరించారని 1982లో కెనడా టెలివిజన్ బయటపెట్టింది.

అబద్ధం కన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది కత్తిరింపు. మన విశాఖ తీరానికి ఏటా జనవరి మొదలుకొని ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కొక్కటి ఇంచుమించు వంద గుడ్లు పెడుతుంది, వాటి నుంచి పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. వీడియోలో ఆ నిరీక్షణ ఉండదు, సంగీతంతో పాటు పిల్లలు నేరుగా సముద్రంలోకి పరుగెత్తుతాయి. రాత్రివేళ వెలుతురు ఎక్కువగా ఉన్న వైపుకు నడిచే ఆ పసికూనలను బీచ్ రోడ్డు దీపాలు దారి తప్పించగలవన్న సంగతి కూడా అందులో సాధారణంగా కనిపించదు. అటవీశాఖ వారు గుడ్లను సేకరించి కంచె వేసిన ఇసుకలో ఎందుకు పాతిపెడతారో, అక్కడ నిలబడి చూసిన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

అందుకే, బయటికి వెళదాం పద అని పిల్లల చేత అనిపించే కార్యక్రమాన్నే నేను మంచిదంటాను. వచ్చే ఫిబ్రవరిలో మీరిద్దరూ రండి. సముద్రం వెనక్కి తగ్గే వేళ చూసుకుని తెన్నేటి పార్కు దిగువనున్న రాళ్ల దగ్గరికి వెళదాం, నీటి గుంటల్లోని పీతలను పిల్లల చేతనే చిత్రీకరింపజేద్దాం. ఆ సాయంత్రం దాన్ని ఒక్క నిమిషానికి కుదించమని చెబుదాం, ఏది ఉంచాలో ఏది తీసేయాలో వాళ్లే తగవులాడుకుంటారు. పాత ఫోను ఒకటి వెంట తెచ్చుకో, ఉప్పునీటికి కొత్తది పాడవుతుంది.

ఇట్లు
నీ మిత్రుడు