నా చెయ్యి ఏం పని చేసేదో కోర్టుకు చెప్పినవాళ్లకు

నమస్కారం అండీ. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో నా కేసు తేలింది. బస్సు సంస్థ అప్పీలుకు వెళ్లకుండా డబ్బు కట్టేసింది. ఈ కబురు కోసం నాకంటే ఎక్కువ టెన్షన్ పడినవాళ్లు ఉన్నారు. కొందరికి ఇంటికెళ్లి చెప్పాను, మిగిలినవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. ఎడమచేత్తో టైపు చేస్తున్నాను కాబట్టి అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఇరుకు కల్వర్టు మీద ఎదురుగా లారీ వస్తున్నా మా డ్రైవరు ఆగకుండా దూరాడు. లారీ బాడీ బస్సును గీసుకుంటూ పోయింది. నా కుడిచెయ్యి మోచేతి కింద నుంచి తీసేయాల్సి వచ్చింది. లారీ ఆగలేదు, దాని నంబరూ దొరకలేదు. నేను టైలర్‌ని.

ఆస్పత్రి మంచం మీద ఉండగానే ఒక పెద్దమనిషి వచ్చి, కేసు మొత్తం తానే చూసుకుంటానని, వచ్చినదాంట్లో మూడో వంతు ఇస్తే చాలని, ఖాళీ కాగితాల మీద వేలిముద్ర వేయమన్నాడు. మా మరిది ఆ కాగితాలు మడిచి ఆయన జేబులోనే పెట్టి గుమ్మందాకా సాగనంపాడు. మరిదీ, అప్పుడు నీ మీద కోపమొచ్చింది. పోనీలే, ఎవరో ఒకరు చూస్తామంటున్నారు కదా అనిపించింది. ఇప్పుడు దండం పెడుతున్నాను.

మాకు దారి చూపింది జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పనిచేసే పారా లీగల్ వాలంటీరు. ఆడవాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉందట. మా ఆయన నమ్మలేదు. ఉచితమంటే ఏదో మతలబు ఉంటుందని ఆయన లెక్క. ఆ అమ్మాయి మా గడపలో కూర్చుని, ఎఫ్ఐఆర్ కాపీ, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, సదరం సర్టిఫికెట్ అన్నీ వరసగా పెట్టించి, గడువు సంగతి కూడా చెప్పింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. గాయం మానాక చూద్దాంలే అనుకుంటూ కూర్చునే ఇళ్లకు ఈ మాట చేరాలి. 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవల వాళ్లే పలుకుతారు.

ఇక లాయరమ్మ. నా సర్టిఫికెట్‌లో 70 శాతం వైకల్యం అని ఉంది. అవతలి లాయరు ఆ అంకెనే పట్టుకున్నారు. 70 శాతం పోతే 30 శాతం సంపాదన మిగిలినట్టే కదా అని వాదన. లాయరమ్మ 2010 నాటి రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ అనే సుప్రీంకోర్టు తీర్పు తీశారు. అందులో ఒక ఉదాహరణ ఉంది. ఎడమచెయ్యి పోయినవాడి వైకల్యం 60 శాతం దాకా లెక్కకు రావచ్చు. అదే మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన నూటికి నూరు శాతం పోయినట్టే, ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు. శాతం శరీరానికి డాక్టరు ఇచ్చేది. బతుకుతెరువుకు ఎంత నష్టమో తేల్చాల్సింది ట్రిబ్యునల్, అదీ చేసే పనిని చూసి.

ఆ తేడా ఎంతో లాయరమ్మ నాకు కాగితం మీద వేసి చూపించారు. ట్రిబ్యునల్ నా ఆదాయం నెలకు 10,000 అని తీసుకుంది, అంటే ఏడాదికి 1,20,000. నలభై లోపు వయసులో సొంత పని చేసుకునేవాళ్లకు మున్ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలన్నది 2017లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన లెక్క. దాంతో 1,68,000 అయింది. 36 నుంచి 40 ఏళ్ల మధ్యవాళ్లకు దాన్ని 15తో గుణించాలి. నూరు శాతం అంటే 25,20,000. డెబ్బై శాతం అంటే 17,64,000. ఆ ఒక్క అంకె దగ్గరే ఏడున్నర లక్షల పైచిలుకు తేడా. వైద్యం ఖర్చు, నొప్పికీ బాధకూ ఇచ్చేది, కృత్రిమ చేతి ఖర్చు ఇవన్నీ వేరే.

ఆ నూరు శాతం ఒప్పుకున్నారంటే అది ఆ సుప్రీంకోర్టు తీర్పు ఒక్కదాని వల్ల కాదు. నేను టైలర్‌నని, ఇంత సంపాదించేదాన్నని నా దగ్గర జీతం స్లిప్పు ఏముంటుంది? లాయరమ్మ అడిగితే నా కొలతల పుస్తకం ఇచ్చాను. నూనె మరకలు, చివర్లు చిరిగిన పేజీలు. చాతీ 36, నడుము 32, చేతి పొడవు 10, వెనక మెడ డీప్, దోరీ, శుక్రవారానికి కావాలి. పక్కన ఎంత తీసుకున్నానో రాసుకున్న అంకె, డబ్బు ముట్టితే కొట్టివేత. దాన్ని కూడా సాక్ష్యంగా పెట్టొచ్చని నాకు తట్టనే లేదు. డ్వాక్రా గ్రూపు లీడరు అక్క వచ్చి, మిషను కోసం తీసుకున్న అప్పు ఒక్క వాయిదా తప్పకుండా కట్టానని పుస్తకం చూపించారు. పక్కవీధి పిన్ని బోనెక్కి, పెళ్లిళ్ల సీజన్‌లో మా ఇంటి ముందు చెప్పులు ఎలా ఉండేవో చెప్పి, తాను కట్టుకొచ్చిన జాకెట్టు పైపింగ్ చూపించి ఇది ఈ పిల్ల కుట్టిందేనంది. కోర్టు హాల్లో నవ్వులు. జడ్జిగారు కూడా కొంచెం నవ్వారు. పిన్నీ, నీ మిగతా రెండు జాకెట్టు గుడ్డలు నా దగ్గరే భద్రంగా ఉన్నాయి.

ఆర్థోపెడిక్ డాక్టరుగారికి ప్రత్యేకంగా చెప్పాలి. సర్టిఫికెట్ రాయడం వేరు, ఓపీ వదులుకుని కోర్టుకు రావడం వేరు. ఎడమచెయ్యి ఉందిగా, దాంతో కుట్టవచ్చు కదా అని అవతలి లాయరు అడిగారు. డాక్టరుగారు విసుక్కోలేదు. మిషను పాదం కింద గుడ్డ పెట్టి ఒక చెయ్యి ముందుకు నడిపిస్తుంటే రెండోది వెనక నుంచి సర్దాలి, చంకభాగం తిప్పేటప్పుడు రెండూ కలిసి తిరగాలి, కత్తిరించాలంటే ఒకటి గుడ్డను అదిమి పట్టాలి అని చేతులతో చేసి చూపించారు. ఆపరేషన్ థియేటర్‌లో ఉండే మనిషికి మిషను పని అంత వివరంగా ఎలా తెలుసో! తర్వాత అడిగితే వాళ్లమ్మగారు కుట్టేవారట.

మా వెనక సీట్లో కూర్చున్న టీచరుగారు లేకపోతే కథ ఇంకోలా ఉండేది. చెయ్యి బయట పెట్టింది కాబట్టి తప్పు నాదేనని అవతలివాళ్ల మొదటి మాట. మోచెయ్యి కిటికీ చట్రం మీదే ఉందని, డ్రైవరు ఆగి ఉంటే లారీ తగిలేదే కాదని ఆవిడ ఎన్నిసార్లు తిప్పి అడిగినా అదే చెప్పారు. లారీ దొరకలేదు కాబట్టి సగమే ఇస్తామన్నారు. ఇద్దరి తప్పు వల్ల మూడోవాళ్లకు దెబ్బ తగిలితే ఎవరో ఒకరి దగ్గరే మొత్తం రాబట్టుకోవచ్చని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే నిలబడింది.

కృత్రిమ చేతుల సెంటర్ తమ్ముడికీ థాంక్స్. చూడ్డానికి అచ్చం చెయ్యిలా ఉండేది చూసి అదే కావాలన్నాను. అక్కా, అది ఫొటోకే, గుడ్డ పట్టదు, భుజం కదలికతో తీగ లాగితే తెరుచుకునే కొక్కెం తీసుకో అన్నాడు. అందంగా లేదు, కానీ పట్టుకుంటుంది. ఇలాంటివి అరిగిపోతాయి, మార్చాలి. 2022లో ఒక బస్సు ప్రమాదం కేసులో కృత్రిమ కాలి మరమ్మతులకు కూడా సుప్రీంకోర్టు పరిహారం కలిపింది. లాయరమ్మ అదీ పెట్టి నా చేతి మార్పిడి ఖర్చు అడిగించారు.

డబ్బులో ఎక్కువ భాగం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయమని ట్రిబ్యునల్ చెప్పింది. మొదట చిరాకేసింది. ఇప్పుడు అప్పడగడానికి వస్తున్న దూరపు చుట్టాలకు ఆ బాండే నా జవాబు.

ఒక్కరికి మాత్రం ఇంకా చెప్పలేకపోయాను. కల్వర్టు దగ్గర నన్ను ఎక్కించుకుని, తన తువ్వాలుతో చెయ్యి బిగించి కట్టి ఆస్పత్రిలో దింపిన ఆటో తమ్ముడు. పోలీసులు తిప్పుతారని భయపడ్డాడేమో, పేరు చెప్పకుండానే వెళ్లిపోయాడు. తమ్ముడూ, మోటారు వాహనాల చట్టం 134ఏ ప్రకారం ప్రమాదంలో సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టకూడదు, ఇష్టం లేకపోతే పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. కేసు కూడా అయిపోయింది, నిన్ను ఎవరూ పిలవరు. ఆటో వెనక అద్దం మీద నెమలి బొమ్మ ఉందని మా ఆయన చెప్పారు. తెలిసినవాళ్లు ఈ పోస్టు అతనికి చూపించండి. ఆ రోజు చార్జీ కూడా తీసుకోలేదు.