టైర్లు కొనబోయే ముందు

చిన్నా,

స్విఫ్ట్ ముందు టైర్లు రెండూ నున్నబడ్డాయని, షాపువాళ్లు నాలుగూ మార్చేయమంటున్నారని రాశావు. వెనక టైర్లలో ఇంకా సగం గ్రిప్ ఉందన్నావు కదా, అయితే రెండే చాలు. డబ్బు తగ్గించుకోవాలంటే బ్రాండులో, మోడల్లో తగ్గించుకో. టైరు వయసు దగ్గర, దాని మీద రాసిన బరువు అంకె దగ్గర మాత్రం రాజీపడకు.

ముందు పాత టైర్లు ఎలా అరిగాయో చూడు. రెండు అంచులూ అరిగి నడుమ మిగిలితే గాలి తక్కువతో నడిపావన్నమాట. నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువైంది. ఒక్క అంచే పోతే అలైన్‌మెంట్ తప్పింది. అరచేత్తో టైరుకి అడ్డంగా, అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ నిమిరి చూడు. ఒకవైపు వెళ్తే నున్నగా, తిరిగొస్తే రంపంలా తగిలితే చక్రం టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తేడాగా ఉంది. అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్‌నో బ్యాలెన్సింగ్‌నో అనుమానించాలి. ఆ జబ్బు నయం చెయ్యకుండా ఎంత ఖరీదైన టైరు వేసినా అదీ అలాగే పోతుంది. సస్పెన్షన్ కీళ్ల దగ్గరుండే రబ్బరు బుష్‌లు లూజైతే అలైన్‌మెంట్ చేయించినా నిలవదు, ముందు అవి మార్పించు.

గ్రిప్ గాడుల అడుగున అడ్డంగా చిన్న దిమ్మలు ఉంటాయి. టైరు భుజం మీద టీడబ్ల్యూఐ అని గానీ చిన్న త్రికోణం గానీ ఉన్నచోట వెతుకు. గ్రిప్ అరిగి ఆ దిమ్మతో సమానమైతే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే. చట్టం ఒప్పుకునే హద్దు అదే. వానల్లో విజయవాడ హైవే మీద వెళ్లేవాడివి, 3 మిల్లీమీటర్లకు దిగగానే మార్చేసేయ్.

నీ బండికి రాసిపెట్టిన సైజు 165/80 ఆర్14, పక్కన 85టి అని ఉంటుంది. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుందని, టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుందని. చౌకలో 82 అంకె టైరు చూపిస్తే వద్దను, అది మోసేది 475 కిలోలే. ‘కొంచెం వెడల్పుది వేసుకోండి సార్’ అంటూ 185/65 ఆర్14 అంటగట్టినా ఒప్పుకోకు. దాని ఎత్తు 23 మిల్లీమీటర్ల పైనే తక్కువ. బండి కిందికి దిగుతుంది, స్పీడోమీటరు అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. నీ సైజు డిజైర్‌లోనూ వస్తుంది కాబట్టి ఎక్కడైనా దొరుకుతుంది, బేరమూ కుదురుతుంది.

ఎంఆర్ఎఫ్, అపోలో, సియట్, జేకే, వీటిలో ఎక్కువ కిలోమీటర్లు వచ్చే మామూలు రకం చాలు. మెత్తని రబ్బరు టైరుకి పట్టు బావుంటుంది కానీ త్వరగా అరిగిపోతుంది. కనీసం మూడు షాపుల్లో ధర అడుగు. ఫిట్టింగ్, కొత్త వాల్వు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అన్నీ కలిపి ఎంతో చెప్పమను. టైరు ఒక్కదాని ధర తక్కువ చెప్పి మిగతావాటిలో లాగేస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో 18 శాతమే ఉందో లేదో చూసుకో. బిల్లు మీద టైరు సీరియల్ నంబర్లు రాయించుకో, వారంటీకి అవే కావాలి.

సెకండ్‌హ్యాండ్ టైర్ల జోలికి పోవద్దు. అరిగిన టైరుకి గాడులు కొత్తగా కోసి, నల్లరంగు పూసి అమ్ముతారు. ఆ కోతకి లోపలి తీగల మీది రబ్బరు పలచబడుతుంది, మే నెల ఎండలో అక్కడే పగులుతుంది. పక్కగోడలో వేసిన పంక్చర్ అతుకులు బయటికి కనిపించవు కూడా.

కొత్త రెండింటినీ వెనక వేయించు, ఇప్పుడు వెనక ఉన్నవి ముందుకి రావాలి. షాపువాళ్లు ‘ఇంజిన్ ముందుంది కదా’ అంటూ కొత్తవి ముందే వేయబోతారు, గట్టిగా చెప్పు. తడిరోడ్డు మీద ముందు చక్రం జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే బండి నెమ్మదిస్తుంది. వెనకది జారితే నువ్వు ఏమైనా చేసేలోపే బండి తిరిగిపోతుంది. తర్వాత 8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్పించు.

నట్లు ఎదురెదురుగా బిగించమను. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగింపు చూడాలి. కొత్త రబ్బరు మీద నున్నటి పొర ఉంటుంది, మొదటి రెండు వందల కిలోమీటర్లూ వంపుల్లో నెమ్మదిగా వెళ్లు. గాలి డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించు. నైట్రోజన్‌కి డబ్బులు పెట్టక్కర్లేదు, నెలకి రెండుసార్లు మామూలు గాలి చూపిస్తే చాలు. స్టెప్నీలో కూడా చూపించడం మర్చిపోకు.

టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాల తర్వాత చివర్లో నాలుగు అంకెలుంటాయి. 2625 అంటే 2025లో 26వ వారం తయారైందని. ఏడాది దాటినది తీసుకోకు. ఆ అంకెలు ఒక్కోసారి టైరుకి ఒకపక్కే ఉంటాయి, కనబడకపోతే తిప్పి చూపించమను. ఎక్కించే ముందే రెండింటి అంకెల ఫోటో తీసి నాకు పంపు. నేను చూసి సరేనన్నాకే రిమ్‌కి ఎక్కించమని చెప్పు.

అమ్మ